ప్రింటర్ లేచి కూర్చుంది

ప్రింట్ కొడితే జాబ్ పోయినట్టే పోతోంది, పచ్చ లైటు వెలుగుతూనే ఉంది, కాగితం మాత్రం ట్రేలోంచి కదిలితే ఒట్టు.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది కదా, మా పాత డెస్క్‌టాప్‌కేమో 11 ఎక్కదంట, సరేలే అని విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసేశా. అన్నీ బానే నడుస్తున్నాయి, ఈ లేజర్ ప్రింటర్ ఒక్కటే మొండికేసింది.

సంగతేంటంటే దీనికి సొంత బుర్ర లేదు 😄 ఆన్ చేసిన ప్రతిసారీ దాన్ని నడిపే ప్రోగ్రామ్, అంటే ఫర్మ్‌వేర్‌ని కంప్యూటరే యూఎస్‌బీ మీద పంపాలి, ఇన్నాళ్లూ ఆ పని విండోస్ డ్రైవర్ గుట్టుగా చేసిపెట్టేది, మనకేం తెలుసు. మింట్‌లో ప్రింటింగ్ చూసుకోడానికి కప్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది గానీ ఆ ఫర్మ్‌వేర్ ప్లగిన్ మాత్రం విడిగా దింపుకోవాలి, లైసెన్స్ గొడవ. టెర్మినల్లో ఒక కమాండ్, పాస్‌వర్డ్, స్విచ్ ఆఫ్ చేసి ఆన్... గర్ర్‌మని రోలర్లు తిరిగాయి!

మారతహళ్లిలో షాపతనేమో "కొత్తది తీసుకోండి మేడం, దీనికి డ్రైవరే రాదు" అన్నాడు. టోనర్ నిండా ఉన్నదాన్ని పారేయడమేంటండీ అసలు.

మొదటి ప్రింటు అత్తయ్యగారి విజయవాడ టికెట్. ఫోన్లో ఉంటే చాలు అత్తయ్యా అన్నా వినరు. రెండు కాపీలు కావాలంట, ఒకటి పోతే ఇంకోటి ఉంటుందని.