సోయి తప్పుతదేమోనన్న బుగులు

నల్లగొండ నుంచి హైదరాబాద్ పోయే బస్సుల నార్కట్‌పల్లి దాటంగనే నాకు గుండె దడదడ కొట్టుకుంటది. వేళ్ల కొసలు తిమ్మిరెక్కుతయి, కండ్లు తిరుగుతయి. పానం పోతదన్న భయం కన్నా, నలుగుట్ల సోయి తప్పి పడితే చీర ఎట్ల ఉంటదో, బ్యాగు ఎవరెత్తుకపోతరో అన్న రందే ఎక్కువ.

డాక్టరమ్మ బీపీ చూసుకుంట చెప్పింది: సోయి తప్పాలంటే మామూలుగ బీపీ పడిపోవాలె. గాబరాల అది పెరుగుతది. అందుకే పడిపోవుడు అరుదు. మరి తల తిరుగుడు? ఆత్రంగ ఊపిరి తీస్తుంటే రక్తంల కార్బన్ డయాక్సైడ్ తగ్గి, మెదడుల రక్తనాళాలు కొంచెం ముడుచుకుంటయట. తిమ్మిరి కూడా దాంతోనే.

సూది, రక్తం చూసి భయపడేటోళ్ల సంగతి వేరు, వాళ్లకు బీపీ నిజంగనే దిగుతది. మా చిన్నమ్మ రక్తపరీక్ష కాడ అట్లనే కూలబడ్డది. ఇంట్లోళ్లు నన్నూ ఆమెతోని జమకట్టిన్రు! నిజంగ సోయి తప్పితే మాత్రం గాబరానే అనుకొని ఊకోవద్దు, పరీక్షలు చేయించుకోవాలె.

ఇప్పుడు ఊపిరి మెల్లగ వదులుత. చిట్యాల దాకా దడ ఉంటది, ఉండనీ. మనసు బాగలేనోళ్ల కోసం సర్కారు పెట్టిన ఫోన్ సాయం టెలిమానస్ 14416 నంబరు ఫోన్ల పెట్టుకున్న, తెలుగుల మాట్లాడుతరు. మా ఆయన మాత్రం ఇంకా నిమ్మకాయ చేతిల పెట్టే బస్సెక్కిస్తడు.