పదకొండో తారీఖు

మాది మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాల్వ కింద ఒక ఊరు. వడ్లు కొని మిల్లుకు తోలడం నా పని. పొద్దున ఐదింటికి లేచి, ఫోన్ ముట్టకముందే బైబిల్లో సామెతల గ్రంథం నుంచి ఒక అధ్యాయం చదువుతాను. మొత్తం 31 అధ్యాయాలు కాబట్టి ఏ తారీఖుకు ఆ అధ్యాయం. మా పాస్టరయ్య చెప్పిన లెక్క ఇది. గుర్తు పెట్టుకోవడం సులువే. తప్పించుకోవడమే కష్టం.

ఎందుకంటే ప్రతి నెలా పదకొండో తారీఖు వస్తుంది. ఆ అధ్యాయం మొదలే ఇట్లా: "దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము."

నా కాంటా దొంగది కాదు. ఎలక్ట్రానిక్ కాంటా, ప్రభుత్వ ముద్ర ఉన్నదే. దొంగతనమంతా తరుగులో ఉండేది. గింజ నిండని తాలు, మట్టి, తేమ అని చెప్పి 40 కిలోల బస్తాకు రెండు కిలోలు కోసేవాణ్ని. సంచి బరువు వేరే. వడ్లు ఎంత శుభ్రంగా ఉన్నా రెండే. వంద బస్తాలు కాంటా పెడితే ఐదు బస్తాలు ఊరికే నా లారీ ఎక్కేవి.

మూడేళ్ల కింద వానాకాలం కోతలప్పుడు ఒక పెద్దమ్మ కల్లంలో కాంటా పెట్టాం. భర్త లేడు, కౌలు మడి. రెండుసార్లు తూర్పారబట్టిన వడ్లు, గుప్పెడు తీసి చూస్తే ఒక్క తాలు గింజ లేదు. తేమ మిషన్ కూడా 17 శాతం లోపే చూపించింది, అంటే ఆరిన వడ్లే.

"తరుగెంత తీస్తవ్ బిడ్డా?"

"రెండు కిలోలు పెద్దమ్మా. అందరికీ అంతే."

"ప్రార్థనకు పోతవ్ గద, నువ్వే చూడు" అని, చీపురు తీసుకొని కింద రాలిన గింజలు ఊడ్చుకుంది. ఆమెవి 62 బస్తాలు. 124 కిలోలు తీసేశాను. ఆ రోజు పదకొండో తారీఖని రాస్తే కథ బాగుండేది, కానీ కాదు.

పదకొండు తర్వాత వచ్చింది. చదివాను, టీ తాగాను, కల్లానికి పోయి రెండు కిలోలే తీశాను. ఆ పై నెల పదో తారీఖు నుంచి నేరుగా పన్నెండుకు దూకాను. అయినా పదహారులో "న్యాయమైన త్రాసు", ఇరవైలో "వేరువేరు తూనికె రాళ్లు". ఈ సామెతలు చెప్పిన సొలొమోను రాజు పని మానుకొని నా వెంట పడ్డట్టుంది.

చివరికి బైబిల్లోనే రోమా పత్రిక నాలుగో అధ్యాయం అడ్డం పెట్టుకున్నాను. అబ్రాహాము దేవుణ్ని నమ్మాడు, అదే అతనికి నీతిగా ఎంచబడింది కదా అయ్యా, ఇక కిలోల లెక్క ఎందుకు అన్నాను. పాస్టరయ్య నవ్వలేదు. "నిజమే. మరి ఆ పెద్దమ్మ మూడు బస్తాలు ఎవరివి?" అన్నాడు.

రెండో తిమోతి పత్రికలో, లేఖనం "నీతియందు శిక్షచేయుటకు" పనికొస్తుందని ఉంటుంది. చిన్నప్పుడు అది బెత్తం దెబ్బలనుకునేవాణ్ని. శిక్ష అంటే అక్కడ శిక్షణ అని పాస్టరయ్య చెప్పాడు. నా మటుకు రెండూ సరిపోయాయి.

ఒక్కసారిగా ఏం మారలేదు. ఆ యాసంగికి రెండు కిలోలను ఒక కిలో చేశాను. దేవుడితో కూడా బేరమే. మళ్లీ వానాకాలానికి ఒక బస్తా ఎదురుగా తూర్పారబట్టి, ఎంత తాలు పోతే అంతే తీయడం మొదలుపెట్టాను. తోటి కొనుగోలుదార్లు ఇద్దరు ఇప్పటికీ నాతో మాట్లాడరు. పెద్దమ్మకు మూడు బస్తాల డబ్బు తీసుకెళ్లి ఇస్తే నోట్లు రెండుసార్లు లెక్కబెట్టుకుంది. తప్పు లేదు.

ఇరవయ్యో అధ్యాయంలో ఇంకో వచనం ఉంది: "కొనువాడు జబ్బుది జబ్బుది అనును, అవతలికి వెళ్లి దాని మెచ్చుకొనును." మొన్న ఇరవయ్యో తారీఖు పొద్దున చదివి, పది గంటలకు ఒక రైతు సన్నవడ్లు నాలుగు గింజలు కొరికి "నూక ఎక్కువొస్తదే" అన్నాను. పోయినసారి మిల్లులో బాగా ఆడిన వడ్లే. నోరు మూసుకుని ఇంకో నాలుగు గింజలు కొరికాను. రైతు నా మొహమే చూస్తున్నాడు.

"రాదులే" అన్నాను.