పప్పు తినని పిల్ల

చిన్నప్పుడు మా ఇంట్లో నాకు పడిన పేరు అది. చంద్రగిరిలో ఆదివారం పూట నాటుకోడి పులుసు ఉడుకుతుంటే నాకు కడుపులో తిప్పేది. బలవంతం మీద రెండు ముక్కలు తిన్నానంటే సాయంత్రానికి తలనొప్పి, వాంతులు. సంగటి, చారు, అరటికాయ వేపుడు ఉంటే చాలు. గారాబం ఎక్కువైందని మా అవ్వ తేల్చేసింది.

ముప్పై ఏళ్లకు తొలికాన్పు. తిరుపతిలో ఒక ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. ఐదో రోజు పుట్టింటికి వచ్చాను. బాలింతకు బలం రావాలని పొద్దున రెండు గుడ్లు, మధ్యాహ్నం పొట్టేలు ఎముకల రసం. బిడ్డకు పాలు పడాలంటే తినాలన్నారు, కళ్లు మూసుకుని మింగాను.

ఎనిమిదో రోజు నాకు గుర్తున్నది ఒక్కటే. ఒళ్లో పాపను పెట్టుకుని “ఈ బిడ్డ ఎవరిదమ్మా?” అని అడిగాను. మిగతాది వాళ్లు చెప్పగా విన్నదే. అర్ధరాత్రి లేచి గోడతో మాట్లాడానట. పక్కింటావిడ బాలింత సన్ని అంది, చేతికి తాయెత్తు వచ్చింది. మొదట చూపించిన చోట కాన్పయ్యాక వచ్చే మానసిక సమస్యేనని చెప్పి నిద్రమాత్ర ఇచ్చి పంపారు. మర్నాడు లేపితే నేను లేవలేదు.

రెండో ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ అమ్మను అడిగింది: “చిన్నప్పుడు పప్పు, మాంసం తినేదా?” బిడ్డ స్పృహ లేకుండా పడి ఉంటే తిండి సంగతి అడుగుతుందేమిటని అమ్మకు కోపం కూడా వచ్చిందట. ఆమె మాత్రం రక్తం తీయించి, గొట్టాన్ని ఐసులో పెట్టి ల్యాబ్‌కు మనిషిని పరిగెత్తించింది. ఆలస్యమైతే గొట్టంలోనే అమ్మోనియా పెరిగి లెక్క తప్పుతుంది. 50 లోపు ఉండాల్సింది 312 ఉంది.

ప్రోటీన్ పూర్తిగా ఆపేశారు. గ్లూకోజు, అర్జినైన్, సోడియం బెంజోయేట్ ఎక్కించారు. సాస్ సీసాల మీద నిల్వ కోసం వాడామని రాసి ఉండే బెంజోయేటే! రెండుసార్లు డయాలసిస్ చేశారు. మూడో రోజు కళ్లు తెరిచాను.

తల్లీబిడ్డల్లో ఇలాంటి వంశపారంపర్య జబ్బుల మీదే ఆ డాక్టరమ్మ ఏళ్ల తరబడి పని చేస్తోందట. మంచం పక్కన కూర్చుని నాకు అర్థమయ్యేలా చెప్పింది. తిన్న ప్రోటీన్ అరిగాక మిగిలే అమ్మోనియాను కాలేయం యూరియాగా మార్చి మూత్రంలో పంపేస్తుంది. 1932లో హాన్స్ క్రెబ్స్, కర్ట్ హెన్సెలైట్ కనిపెట్టిన చక్రం ఇదే. అందులో ఓటీసీ (ఆర్నిథీన్ ట్రాన్స్‌కార్బమైలేజ్) అనే ఎంజైము నాలో సరిపడా లేదు. కాన్పయ్యాక గర్భసంచి కుంచించుకుపోతూ తన ప్రోటీన్‌ను రక్తంలోకి వదులుతుంది. లోపలి నుంచి అది, బయటి నుంచి ఎముకల రసం!

తర్వాత కాగితం మీద మా వంశం బొమ్మ గీసింది. ఆడవాళ్లకు సున్నా, మగవాళ్లకు చతురస్రం. నాకు ముందు పుట్టిన ఇద్దరు అన్నల చతురస్రాల మీద అడ్డగీతలు పెట్టింది. ఇద్దరూ రెండు రోజులు బాగానే ఉండి, పాలు తాగడం మానేసి, మత్తుగా పడుకుని పోయారు. ఆ ఎంజైమును తయారుచేసే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. మగబిడ్డకు ఉండేది ఒక్క ఎక్స్, అది చెడితే ఆదుకోవడానికి రెండోది లేదు. ఇన్నేళ్లూ ఆ చావులకు ఇంటి వాస్తు నుంచి అమ్మ జాతకం దాకా అన్నీ కారణమయ్యాయి. కాగితం చూసి అమ్మ, “వాళ్లకు పేర్లు కూడా పెట్టలేదమ్మా, పురుడు వెళ్లకముందే పోయారు” అంది. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టేసి కాసేపు ఏమీ గీయలేదు.

పరీక్షలో అమ్మకూ అదే లోపం బయటపడింది. ఆమె జీవితమంతా మాంసం తిని నిక్షేపంగా ఉంది. ఆడవాళ్లలో ఒక్కో కణంలో ఒక్కో ఎక్స్ పని చేస్తుంది కాబట్టి, ఎవరి కాలేయంలో మంచిది ఎంత భాగం పడిందో వాళ్ల అదృష్టం. పాపకు మాత్రం రాలేదు. ఆ రిపోర్టు వచ్చేదాకా పడిన టెన్షన్ ఐసీయూలో కూడా పడలేదు (పడాలంటే స్పృహ ఉండాలి కదా).

ఆరు నెలల దాకా మాటలు వెతుక్కున్నాను. ఇప్పుడు కొలిచి తింటాను, మందులు వాడతాను. వాల్‌ప్రొయేట్ అనే ఫిట్స్ మందు నాకు ఇవ్వకూడదని రాసిన కార్డు పర్సులో ఉంటుంది. ఉపవాసం కూడా పనికిరాదు, తిండి లేకపోతే ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది.

తిరుపతి పక్కన ఉంటూ ఇది కుదిరే పనా? మొన్న వైకుంఠ ఏకాదశికి ఇంటిల్లిపాదీ ఉపవాసం. నేనూ కాస్త ఓపిక పడదామనుకున్నాను. పొద్దున ఎనిమిదికల్లా అమ్మ పొగలు కక్కే సంగటి ముద్ద కంచంలో పెట్టుకొచ్చింది.

“స్వామికి నేను చెప్పుకుంటాలే, నువ్వు తిను.”