గంజి పెట్టిన కరాటే డ్రెస్సు

అసలు కరాటే నేర్చుకుందామని నేను వెళ్లలేదు. మా బాబు కోసం మూడు నెలల ఫీజు ఒకేసారి కట్టేశాం, వాడేమో సరిగ్గా పన్నెండు రోజులు వెళ్లి "క్రికెట్ అయితే వెళ్తా, ఇది వద్దు" అని భీష్మించుకు కూర్చున్నాడు. డబ్బులు వెనక్కి అడుగుదామని విశాఖ ఎంవీపీ కాలనీలో క్లాసు జరిగే మేడ మీదికి వెళ్తే మాస్టారు నవ్వి, "కట్టిన ఫీజు ఎక్కడికీ పోదమ్మా, బాబు రాకపోతే మీరు రండి" అన్నారు. సరదాకి అన్నారో, ఫీజు తిరిగివ్వకుండా తప్పించుకోడానికి అన్నారో ఇప్పటికీ తెలీదు. నాకప్పుడు 41 ఏళ్లు. కట్టిన డబ్బు దండగ కాకూడదన్న మధ్యతరగతి బుద్ధి తప్ప ఇంకే ఆశయమూ లేకుండా మర్నాడు సాయంత్రం పంజాబీ డ్రెస్సు వేసుకుని, చున్నీ నడుముకి బిగించి వెళ్లి పిల్లల వెనకాల నిలబడ్డాను.

మాస్టారు నేవీలో చేసి రిటైరయ్యారు, సొంతూరు శ్రీకాకుళం వైపు. మొదటి వారమంతా నాతో ఆయన అన్నది ఒకటే మాట: "ఏటమ్మా ఆ కాళ్లు?" కరాటేలో కొట్టడం కన్నా ముందు నిలబడటం నేర్పుతారు. జెన్‌కుత్సు దాచి అంటారు, ముందు కాలు మోకాలి దగ్గర వంచాలి, వెనక కాలు బిగించి చాపాలి, సగం కన్నా ఎక్కువ బరువు ముందు కాలి మీద వెయ్యాలి, ఇదంతా ఒక ఎత్తయితే రెండు పాదాల మధ్య అడ్డంగా దాదాపు భుజాలంత ఎడం ఉండాలి. నేను ఎన్నిసార్లు పెట్టినా పాదాలు రెండూ ఒకే గీత మీదికి వచ్చేసేవి, తాడు మీద నడిచేవాళ్లలాగ. ఆయన రెండు వేళ్లతో భుజాన్ని అలా తోస్తే చాలు, పక్కకి తూలిపోయేదాన్ని. నా పక్కన నిలబడే ఎనిమిదేళ్ల పిల్ల మాత్రం గుంజలా ఉండేది, కదిలేది కాదు.

"సర్దుకోకండమ్మా. ఇదేటి, షేర్ ఆటోనా?" అన్నారొకరోజు.

పిల్లలందరూ నవ్వారు, నేనూ నవ్వాను, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే నేను రోజూ పొద్దున్న మద్దిలపాలెంలో షేర్ ఆటో ఎక్కుతాను, డ్రైవర్ "కొంచెం సర్దుకోండి" అనకముందే సగం సీటు మీదికి జరిగిపోయి, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, ఒక కాలు దాదాపు బయటికి వేలాడేసి కూర్చుంటాను. ఎవరూ అడగరు. నేనే. ఆఫీసులో ఏసీ గాలి నేరుగా నా తల మీదికి కొడుతుంటే చెప్పకుండా శాలువా కప్పుకుని పనిచేశాను, ఒకటి కాదు రెండు కాదు, నాలుగేళ్లు. నన్ను ఎవరో అణచిపెట్టారని చెప్పుకోడానికి కూడా లేదు, మా ఇంట్లో అందరూ మంచివాళ్లే. లెక్కల్లో నేను దిట్ట, పది మంది ముందు మాట్లాడమంటే బెదరను, అందుకే "కాన్ఫిడెన్స్ పెరుగుతుంది" అని కరాటే క్లాసుల బోర్డుల మీద రాసే మాట నాకెప్పుడూ అతకలేదు. నాకు లేనిది అది కాదు. నాకు పట్టేంత చోటు నాది అనుకోవడం నాకు తెలీదు, అంతే.

మోకాలు వంచి, కాలు దూరంగా పెట్టి, మేడ మీద ఆ ఉక్కపోతలో చెమటలు కారుతూ నిలబడితే మొదట్లో సిగ్గేసేది. ఎదురు మేడ వాళ్లు చూస్తారని. పిక్కలు పట్టేసేవి, ఆఫీసు మెట్లు దిగాలంటే గోడ పట్టుకునేదాన్ని. రెండో నెలాఖరుకి ఒకరోజు మాస్టారు వచ్చి భుజం మీద తోశారు, నేను కదల్లేదు. ఆయన ఏమీ అనలేదు, పక్క పిల్ల దగ్గరికి వెళ్లిపోయారు. ఆ సంగతి ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే "తోస్తే పడలేదు, అంతేగా" అన్నారు. అంతే మరి.

అసలు గొడవ గొంతుతో వచ్చింది. కటా అంటే ఒంటరిగా, వరస తప్పకుండా చేసే కదలికలు. మొట్టమొదట నేర్పే కటా పేరు హెయాన్ షోదాన్, ఇందులో 21 కదలికలు. జపాన్‌లోని ఒకినావా దీవిలో ఇతోసు అనే గురువు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బడి పిల్లల కోసం కూర్చిన అయిదు హెయాన్ కటాల్లో మొదటిది ఇది. అంటే చిన్నపిల్లల కోసం చేసినదాంట్లో నేను ఆరు నెలలు ఇరుక్కున్నానన్నమాట. అందులో రెండు చోట్ల అరవాలి, ముందుకి వెళ్తూ మూడు బ్లాకులు (అంటే దెబ్బని అడ్డుకోవడం) వేసి మూడోదాని మీద ఒకసారి, వెనక్కి వస్తూ మూడు పంచ్‌లు వేసి మూడోదాని మీద ఇంకోసారి. దాన్ని కియాయ్ అంటారు. నోరు తెరిస్తే నాకు గాలి మాత్రం వచ్చేది. ఆడపిల్ల గట్టిగా నవ్వకూడదు, వీధిలోకి వినపడేలా మాట్లాడకూడదు అని మా అమ్మ నేర్పినవన్నీ సరిగ్గా ఆ మూడో పంచ్ దగ్గరే గుర్తొచ్చేవి కాబోలు. ఎల్లో బెల్ట్ పరీక్షలో "కదలికలు బాగున్నాయి, అరుపు లేదు, మళ్లీ రండి" అన్నారు. క్లాసులో ఫెయిలైంది నేనొక్కదాన్నే. ఆ ఎనిమిదేళ్ల పిల్ల కొత్త బెల్టు కట్టుకుంటూ "ఏం కాదు ఆంటీ, నెక్స్ట్ టైం వచ్చేస్తుంది లెండి" అంది. ఏడుపు ఆపుకోవడం ఆ రోజు చాలా కష్టమైంది.

నెలకొక ఆదివారం తెల్లారగట్ల మాస్టారు అందర్నీ ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తారు. బీచ్ రోడ్డులో కోడి రామ్మూర్తి నాయుడు గారి విగ్రహం కనపడితే చాలు, అందరి చేతా దండం పెట్టించి, "మా వీరఘట్టం మనిషి, ఏనుగుని గుండెల మీద ఎక్కించుకున్నాడు" అని చెప్పిందే చెప్తారు. తర్వాత సబ్‌మెరైన్ మ్యూజియం దిగువన ఇసుకలో సాధన. తడి ఇసుకలో పాదాలు దగ్గరగా పెడితే నిలబడలేం, అది ఆయనకి తెలుసు. "ఈ హోరులో ఎవరికీ వినపడదు, అరవండమ్మా" అంటారు. నేను మళ్లీ గాలే వదులుతున్నాను. ఇంతలో ఒక పెద్ద అల, నేను సముద్రానికి వీపు పెట్టి ఉన్నాను కాబట్టి చూసుకోలేదు, వచ్చి నడుము దాకా తడిపేసింది. "అమ్మో!" అని ఎంత గట్టిగా అరిచానంటే వాకింగ్ చేసేవాళ్లు ఆగి చూశారు. మాస్టారు చప్పట్లు కొట్టి, "అదీ! అదే అరుపు, పట్టుకెళ్లి పంచ్ మీద పెట్టండి" అన్నారు. గొంతుతో కాదు, పొట్ట బిగించి ఊపిరి ఒక్కసారిగా వదలాలి అని ఆయన ఆరు నెలల నుంచి మొత్తుకుంటున్నది ఒక్క అల చెప్పేసింది. ఇప్పటికీ నా కియాయ్‌లో మొదటి అక్షరం "అ"నే. రెండోసారి పరీక్ష పాసయ్యాను.

బెల్టుల గురించి ఒక మాట. ఇవి అసలు కరాటేవి కావు, జూడో మొదలుపెట్టిన జిగోరో కానో పద్ధతిని చూసి కరాటే గురువు గిచిన్ ఫునాకోషి తెచ్చుకున్నాడు, 1924లో మొదటి బ్లాక్ బెల్టులు ఇచ్చాడు. ఇప్పుడు చాలా చోట్ల మూడు నెలలకో పరీక్ష, పరీక్షకో ఫీజు, ఫోటో, స్టేటస్. పిల్లలు ఏం నేర్చుకున్నారన్నది తల్లిదండ్రులు కూడా అడగరు. నన్ను ఫెయిల్ చేసినందుకు మా క్లాసు వాళ్ల మీద గౌరవం పెరిగిందంటే నమ్ముతారో లేదో. ఫునాకోషి సంగతి ఎందుకు చెప్తున్నానంటే ఆయన చిన్నప్పుడు బాగా బలహీనంగా ఉండేవాడు, బడిపంతులు, 1922లో టోక్యో వెళ్లి కరాటే చూపించేసరికి యాభై దాటాయి. మోకాళ్లు నొప్పెట్టినప్పుడు నేను తలుచుకునేది ఆయన్నే.

ఎవరు కలిసినా "ఎవడైనా మీదికొస్తే కొట్టేస్తావా?" అని అడుగుతారు. కొట్టను. "అరవండి, పరిగెత్తండి" అని మాస్టారే చెప్తారు. హెయాన్ కటాలు అయిదూ బ్లాకుతోనే మొదలవుతాయి, ఒక్కటి కూడా దెబ్బతో మొదలవదు. నేను ఇంతవరకు చేసిన ఏకైక సాహసం ఏంటంటే ఆఫీసులో ఆ ఏసీ సంగతి చెప్పడం. అడ్మిన్ కుర్రాడు రెక్క పక్కకి తిప్పాడు, రెండు నిమిషాలు పట్టింది. "అయ్యో మేడం, ముందే చెప్పొచ్చు కదా" అన్నాడు.

డ్రెస్సు కొనుక్కున్న కొత్తల్లో దండెం మీద ఆరేస్తే పక్కింటావిడ "మీ బాబుదా?" అని అడిగింది. అవునన్నాను. తొమ్మిదేళ్లవాడికి ఆ సైజు ఎలా సరిపోతుందో ఆవిడా అడగలేదు. మొన్న మేడ మీద మళ్లీ అదే ప్రశ్న, ఈసారి నేను మెట్ల మీద ఉన్నాను, జవాబు చెప్పింది మా అత్తయ్యగారు. "ఈ వయసులో ఆ గంతులేంటమ్మా" అని మొదట్లో సణిగిన మనిషి.

"మా కోడలిది. గంజి పెట్టమంటుంది కూడాను, పెడితే గానీ చెయ్యి విసిరినప్పుడు టప్‌మని చప్పుడు రాదట," అని చెప్పి, కిందికి దిగుతూ నన్ను చూసి, "వచ్చేవారం నుంచి నువ్వే పెట్టుకో, చేతులు పీకేస్తున్నాయి నాకు" అన్నారు.