వాన వెలిసాకే అసలు బురద

సైక్లోక్రాస్ (బురద, గడ్డి దారుల్లో అవసరమైతే సైకిల్ మోస్తూ సాగే రేసు) తొక్కేవాళ్ళు విశాఖ ఎర్రమట్టిని తక్కువ అంచనా వేస్తారు. వాన పడుతున్నంతసేపు అది పల్చగా జారిపోతుంది, చక్రానికి పట్టదు. వెలిసి కాస్త ఆరాక చలిమిడి ముద్దలా తయారై ఫోర్కుకీ టైరుకీ మధ్య కూరుకుపోతుంది. ముద్ద కట్టకముందే సైకిల్ భుజానికెత్తాలి, కట్టాక ఎత్తితే బురద బరువు కూడా మోయాల్సిందే.

టైరు 33 మిల్లీమీటర్లు, యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) రేసుల్లో గరిష్ఠ పరిమితి అదే. 65-70 కిలోల మనిషికి ట్యూబ్‌లెస్‌లో ముందు 20, వెనక 22 పీఎస్ఐతో మొదలెట్టి చూడండి. లోపల ట్యూబుంటే అంత తగ్గించొద్దు, రాయి తగిలితే రిమ్ము నొక్కి చిల్లు పడుతుంది.

గండమంతా వెనక డిరైలర్‌కే, అంటే గేర్లు మార్చేటప్పుడు గొలుసుని జరిపే భాగానికే. గడ్డిపీచు, మట్టి కలిసి దాని చిన్న పుల్లీల్లో బిగుసుకుంటాయి. పెడల్ గట్టిపడిందని ఇంకా బలంగా తొక్కారో, గొలుసు డిరైలర్‌ని పైకి ఈడ్చేసి, దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ పుటుక్కుమంటుంది. ఫ్రేముని కాపాడటానికి ముందు విరిగేలా చేసిన ముక్కే అది. వెంటనే దిగి పీచు వేలితో లాగేయండి. హ్యాంగర్ సైకిల్‌కొక రకం, మీ మోడల్‌ది ఒకటి అదనంగా కొనిపెట్టుకోండి. బ్రేక్ ప్యాడ్లు మెటల్‌వి వేయండి, రెజిన్‌వి బురదలో ఇట్టే అరిగిపోతాయి.

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల మీద మాత్రం చక్రం పెట్టొద్దు, అది రక్షిత ప్రదేశం.

కడిగేటప్పుడు ప్రెషర్ గన్ హబ్బుల మీద కొట్టొద్దు, బేరింగుల్లోకి నీళ్ళెళ్తాయి. బకెట్టు, పాత బ్రష్షు చాలు. గొలుసు తుడిచి ఆ పూటే ఆయిల్ పెట్టండి. మనది ఉప్పుగాలి ఊరు, తెల్లారేసరికి తుప్పు కనిపిస్తుంది.