దొడ్డికాళ్లు వస్తాయంట!

పాప కాళ్లు ఊనడం మొదలుపెట్టిందో లేదో, మా అత్త "వద్దమ్మీ, ఇప్పుడే నిలబెడితే దొడ్డికాళ్లు వస్తాయి" అని ఒళ్లోకి లాగేసుకుంటాది. ఇదేమో ఆమె తొడ మీదే ఎగిరెగిరి దూకుతాది! కడుపులో ముడుచుకుని ఉంటారు కాబట్టి పుట్టుకతోనే పిల్లల కాళ్లు కాస్త వంగి ఉంటాయి. చాలామందికి 2 ఏళ్లు వచ్చేసరికి అవే సర్దుకుంటాయి. నిలబెట్టినందుకు వంగవు. ఆ తర్వాతా తగ్గకున్నా, ఒక కాలే వంగినా డాక్టరుకు చూపాల్సిందే, విటమిన్ డి తక్కువైనా అట్లయితాది.

వాకర్ కొందామంటే మాత్రం నేనే వద్దన్నా. దాంతో నడక ముందు రాదు, పడే ప్రమాదమే ఎక్కువ. కెనడాలో 2004లోనే నిషేధించినారు.

ఇంక పాప ముక్కు. కొనదేలాలని మా అత్త రోజూ స్నానానికి ముందు నూనె చేత్తో నొక్కుతాది. మా ఆయనకూ చిన్నప్పుడు ఇట్లే నొక్కిందంట. ఆ ముక్కు ప్రొద్దుటూరంతా చూసిందే!