డైరెక్టు చేసిన ఫ్యూజు

“భాయ్, ఈ తీగ ఇక్కడెందుకుంది?” అని మైక్రోస్కోపు నుంచి తల ఎత్తకుండానే కుయా అడిగారు. బర్ దుబాయ్‌లో ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డు మీద, అందరూ కంప్యూటర్ స్ట్రీట్ అని పిలిచే వరుసలో, ఒక చిన్న రిపేరు షాపులో నేను కంప్యూటరు బోర్డుల పని చేస్తాను. కుయా మా సీనియర్, ఫిలిప్పీన్స్ మనిషి. వాళ్ళ భాషలో కుయా అంటే అన్న; అందుచేత ఆయన అసలు పేరుతో షాపులో ఎవరికీ పని పడదు. ఆయన చూస్తున్నది ముందు రోజు రాత్రి నేను పూర్తి చేసి, తెర వెలగగానే తృప్తిగా గదికి వెళ్ళి పడుకున్న బోర్డు.

అది 27 అంగుళాల ఐమ్యాక్‌ది, అంటే తెర వెనుకే కంప్యూటరంతా ఉండే యాపిల్ మిషనుది. 2012 చివరి నుంచి వచ్చిన ఈ రకంలో తెర అంచుల వెంట జిగురు టేపుతో అతికి ఉంటుంది. టేపు కోసిన తరువాత కూడా తెరను కొద్దిగానే ఎత్తాలి, ఎందుకంటే దాని వెనుక నుంచి బోర్డుకు వచ్చే తీగలు పొట్టివి. యజమాని స్వయంగా ఎస్‌ఎస్‌డీ వేసుకుందామని, ట్రంకు పెట్టె మూత ఎత్తినట్టు ఎత్తేశాడు. బొమ్మను మోసే తీగ ఎలాగో బతికింది గాని, తెర వెనుక వెలుగుకు కరెంటు ఇచ్చే తీగ తన కనెక్టరును, దాని కింద ఉన్న రాగి ప్యాడ్లను కూడా పీక్కుని వచ్చింది. ఊడినదాన్ని మళ్ళీ అదిమిపెట్టి, ఒకసారి ఆన్ చేసి కూడా చూశాడట. మా దగ్గరకు వచ్చేసరికి తెర నల్లగా ఉంది. టార్చి ఏటవాలుగా వేస్తే మాత్రం బొమ్మ లీలగా కనిపించింది. అంటే వెనుక వెలుగు ఒక్కటే లేదన్నమాట.

ఆ పని నాకు ఇష్టం. ప్యాడ్ పోయిన చోట బోర్డు మీది పూతను బ్లేడు మొనతో మెల్లగా గీకి, లోపలి రాగి గీత బయటపడ్డాక దానికి టంకం పట్టించి, జంపరుగా ఎనామిల్ తీగను పరిచి, దాని మీద యూవీ లైటుకు గట్టిపడే పచ్చ మాస్కు పూత వేశాను. కరెంటు దారి కాబట్టి వెంట్రుకలాంటి తీగ సరిపోదు. పిన్నుకు ఎంత లావు పడుతుందో చూసుకుని అంత లావు వేయాలి. గ్రౌండు పిన్నులు మరీ మొండివి. వాటి వెనుక పెద్ద రాగి పొర ఉండటం వల్ల టంకం పెట్టే ఐరన్ వేడినంతా అదే తాగేస్తుంది. 63 పాళ్ళు తగరం, 37 పాళ్ళు సీసం ఉండే మామూలు టంకం 183 డిగ్రీలకే కరుగుతుంది గాని, సీసం లేని కంపెనీ టంకానికి 217 దాటాలి. కింద నుంచి ప్రీహీటరు పెట్టకపోతే మిగిలిన ప్యాడ్లు కూడా లేచిపోతాయి. కనెక్టరు కూర్చోబెట్టడానికే రెండున్నర గంటలు పట్టింది. అప్పుడు చూస్తే బ్యాక్‌లైటు దారిలో ఉన్న, నూకగింజంత ఫ్యూజు పోయి ఉంది. నా బల్ల మీద అలాంటిది లేదు. చిన్న తీగ ముక్కతో డైరెక్టు చేశాను.

“రేపు ప్యానెల్‌లో షార్టు వస్తే ముందు ఏది కాలాలి?” అని కుయా అడిగారు. ఫ్యూజు అన్నాను. “అది ఎక్కడుంది?” నేను మాట్లాడలేదు. “జాబ్ కార్డులో రాశావా?” రాయలేదు. కనెక్టరు మార్చడమైనది అని మాత్రం రాశాను.

మూడు రోజులుగా ఆ జాబ్ కార్డు ప్రశ్నే నన్ను తొలుస్తోంది. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారైన చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తొమ్మిదేళ్ళు పనిచేసినవాడిని. ప్రాజెక్టు సబ్మిషన్ ముందు రోజు కంప్యూటరు మోసుకొచ్చి ఎదురుగా స్టూలు మీద కూర్చున్న కుర్రవాడికి, ఢిల్లీ నెహ్రూ ప్లేస్ నుంచి ఫ్యూజు వచ్చేదాకా నాలుగు రోజులు ఆగమని ఎలా చెబుతాం? “తమ్ముడూ, ఫ్యూజు డైరెక్టు చేశాను, గుర్తుపెట్టుకో” అని నోటితో చెప్పేవాళ్ళం. మళ్ళీ ఏదైనా అయితే వాడు అదే మెట్లెక్కి నా దగ్గరకే వచ్చేవాడు. అక్కడ కాగితం అవసరం పడలేదు, నేనే ఆ కాగితాన్ని. ఇక్కడైతే కస్టమరు వచ్చే నెల వీసా ముగించుకుని, ఆ మిషనును ఎవరికో అమ్మి వెళ్ళిపోవచ్చు. కొన్నవాడికి ఆ తీగ సంగతి చెప్పేవారు ఉండరు. ఇదంతా నాకు అర్థం కాకపోలేదు. కానీ ఐరన్ ముట్టుకోకుండానే బోర్డు మార్చాలని తేల్చేసేవాళ్ళు ఈ వీధిలో ఉన్నారు. వాళ్ళ బిల్లులు శుభ్రంగా ఉంటాయి, వాళ్ళను ఎవరూ ఏమీ అనరు. చెత్తలోకి పోవలసిన బోర్డును బతికించిన నేను మాత్రం తలవంచుకోవాలా అని ఉక్రోషం వస్తుంది. పోనీ, సికింద్రాబాద్‌లో నేను అందరికీ చెప్పానా? చెప్పిన రోజులే గుర్తున్నాయి.

కుయా ఆ వాదన వినడానికి కూర్చోలేదు. పాత బోర్డుల సొరుగు తీసి, అదే మోడల్ చచ్చిన బోర్డు మీద నుంచి హాట్ ఎయిర్‌తో ఫ్యూజు లేపి, మీటరుతో చూసి, నా తీగ తీసేసి అక్కడ పెట్టారు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ సొరుగు నా కుర్చీ పక్కనే ఉంటుంది. ముందు రాత్రి దాన్ని తీయాలని నాకు తట్టనే లేదు; అసలు ఫ్యూజు అనేది వెతకవలసిన వస్తువని కూడా అనిపించలేదు. తీసేసిన తీగను ఆయన పారేయకుండా నా మ్యాటు మీద పెట్టి, “మిగతా జంపర్లు నాకంటే బాగా వేశావు” అని తన బల్ల దగ్గరకు వెళ్ళిపోయారు. అదైనా అనకుండా ఉంటే, కోపం తెచ్చుకోవడం నాకు సులువుగా ఉండేది.

ఆ రాత్రి నాన్న ఫోన్ చేశారు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు మళ్ళీ పోయిందట, లైన్‌మన్ రాలేదట, వరి ఎండుతోందని తనే వెళ్ళి కట్టి వచ్చాడట. ఏ తీగతో కట్టావు నాన్నా, అని అడిగాను. ఈ ప్రశ్న నేను ఎప్పుడూ అడగలేదు కాబట్టి, ఆయన కాసేపు ఆగి, “ఏదో ఒకటిలేరా, మోటారు తిరుగుతోంది” అన్నాడు.